అవ్వ చదువు మొదలైన ఏడాదే అమ్మ చదువు ఆగింది

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని ఒక పల్లె. మా అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, ఎనిమిది నెలల క్రితం 75వ ఏట చనిపోయింది. నాకు పదేళ్లు వచ్చేదాకా పెంచింది ఆమే. 1992లో మా ఊళ్లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లకు అవ్వే ముందు నిలబడింది. ఆ రోజుల్లోనే రాత్రి బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. తర్వాత పొదుపు సంఘాన్ని ఇరవై ఏళ్లకు పైగా నడిపింది. సంవత్సరీకం నాటికి ఆమె జీవితం మీద చిన్న పుస్తకం అచ్చు వేయించి ఊరంతా పంచాలని పెద్దమామయ్య నిర్ణయించి, రాసే పని నాకు అప్పగించాడు. ఊరి మొదట్లో విగ్రహం కూడా పెట్టిస్తానంటున్నాడు. వివరాల కోసం అమ్మను అడిగితే, "రాసుకో తల్లీ, ఊరికంతా అమ్మే ఆమె. నా పేరు మాత్రం అందులో పెట్టకు" అంది. అవ్వ ఊళ్లు తిరిగే రోజుల్లో ఇద్దరు తమ్ముళ్లనూ బర్రెగొడ్లనూ చూసుకోవడానికి అమ్మను తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారట. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. అదంతా రాయవద్దని మామయ్య అంటున్నాడు. అప్పటి నుంచి ఒక్క వాక్యం రాయలేకపోతున్నాను. ఇంకొక మాట. చనిపోవడానికి వారం ముందు అవ్వ ఫోన్ చేస్తే, "మీటింగులో ఉన్నాను, మళ్లీ చేస్తాను" అని పెట్టేశాను. మళ్లీ చేయలేదు. రోజూ అదే గుర్తొస్తోంది. దుఃఖానికి ఐదు దశలుంటాయని చదివాను. నేను ఏ దశలోనూ ఉన్నట్టు లేను. ఏం చేయాలో చెప్పండి.

జవాబు: మీరు రాయలేకపోవడానికి దుఃఖం ఒక్కటే కారణమని నేను అనుకోవడం లేదు. అవ్వ పోయిన కొత్తల్లో మామయ్య ఈ పని చెప్పి ఉంటే, ఏడుస్తూనే అయినా నాలుగు పేజీలు రాసి ఇచ్చేవారేమో. మీ కలం ఆగింది అమ్మ చెప్పిన ఆ ఒక్క మాట దగ్గర. ఇంతకాలం మీకు తెలిసిన అవ్వ పక్కన ఇప్పుడు మీకు తెలియని అవ్వ ఒకరు వచ్చి నిలబడ్డారు. ఒకరిని గురించి రాస్తే రెండోవారిని దాచినట్టవుతుందని, ఇద్దరినీ రాస్తే పోయిన మనిషిని వేలెత్తి చూపినట్టవుతుందని మీరు నలుగుతున్నారు. ఈ నలుగుబాటు మీ బలహీనత కాదు. ఆ ఇంట్లో 33 ఏళ్లుగా ఎవరూ మాట్లాడని ఒక విషయం మూడో తరం చేతికి వచ్చింది, అంతే.

కాబట్టి ముందుగా ఆ సంవత్సరం దగ్గరకే వెళదాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతర్ల ముందు పలకలు పట్టుకుని కూర్చునేవారు. వాళ్ల వాచకంలో, సారా వల్ల గుల్లయిన సంసారం గురించీ, ఊళ్లో సారా మాన్పించిన ఆడవాళ్ల గురించీ పాఠాలుండేవి. ఆ పాఠాల మీద మొదలైన మాటలు పాఠాల దగ్గర ఆగలేదు. ప్రభుత్వమే ప్లాస్టిక్ ప్యాకెట్లలో సారా సరఫరా చేయించే రోజులవి. మగవాళ్ల కూలి డబ్బులు ఇంటికి చేరకముందే దుకాణంలో అయిపోయేవి. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి దుకాణం మూయించారు. అక్కడి నుంచి ఊరూరా చీపుళ్లూ కారప్పొడీ పట్టుకుని ఆడవాళ్లు బయటికి వచ్చారు. సారా వేలంపాటలను సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఇదంతా మీకు కొంత తెలిసే ఉంటుంది. దూబగుంట రోశమ్మ గారి పేరు చరిత్రలోకి ఎక్కింది. మీ అవ్వలాంటి వందల మంది పేర్లు వాళ్ల ఊళ్లు దాటి రాలేదు. అందువల్ల మీ మామయ్య పుస్తకం తలపెట్టడం నాకు మంచి ఆలోచనగానే కనిపిస్తోంది.

అయితే ఈ చరిత్ర చెప్పేటప్పుడు సాధారణంగా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ ఆడవాళ్లు పగలు దుకాణం ముందు కూర్చుని, రాత్రి బడికి వెళ్లి, మర్నాడు జిల్లా కేంద్రానికి బయలుదేరితే, ఆ ఇళ్లలో పొయ్యి ఎవరు వెలిగించారు? మీ ఇంటి మటుకు జవాబు మీ చేతిలో ఉంది. అప్పటికి అవ్వకు 42 ఏళ్లు, అమ్మకు పద్నాలుగో పదిహేనో. 42 ఏళ్ల తల్లి అ ఆలు దిద్దిన ఏడాదే తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు పుస్తకాలు అటక మీదికి ఎక్కాయి. ఈ రెండూ వేర్వేరు కథలు కావు. రెండోది జరగకపోతే మొదటిది ఆ రూపంలో జరిగేది కాదు. సారా దుకాణం మూయించిన మనుషుల లెక్కలో, ఇంట్లో సంగటి కెలుకుతూ దూడకు గడ్డి వేస్తూ ఉండిపోయిన ఆ పిల్లను కూడా చేర్చాలని నా అభిప్రాయం. ఆమె కూడా ఉద్యమంలోనే ఉంది. అయితే, ఉంటావా అని ఆమెను ఎవరూ అడగలేదు.

మరి అవ్వ తప్పు చేసినట్టా? మీరు ఈ ప్రశ్న నేరుగా అడగలేదు గానీ ఉత్తరమంతా అదే ఉంది. ఆమెను నేను నిర్దోషిగా తేల్చనూ లేను, దోషిగా నిలబెట్టనూ లేను. తాగే మగవాడున్న ఇంట్లో, "నువ్వు వంట చూసుకో, నేను వెళ్లి వస్తాను" అని భర్తతో అనగలిగే పరిస్థితి ఆనాటి ఏ పల్లెలోనూ ఉండి ఉండదు. మీ తాత గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. ఆ మౌనాన్ని కూడా ఒకసారి గమనించుకోండి, ఎందుకంటే ఇలాంటి కథల్లో తల్లీకూతుళ్ల మధ్య లెక్కలు తేల్చుకుంటూ ఆ ఇంటి మగవాడిని లెక్కలోకే తీసుకోకపోవడం మనకు అలవాటు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఇంటిపని అంటే కూతురే మానుకోవాలి, కొడుకుల బడి ఆగకూడదు అన్నది ఊరి కట్టుబాటు. సారా కాంట్రాక్టరు మనుషులకు ఎదురు నిలిచిన మీ అవ్వ ఆ కట్టుబాటుకు ఎదురు నిలవలేదు. అది ఆమెకు కనిపించి ఉండకపోవచ్చు, కనిపించినా ఒకేసారి రెండింటితో పోరాడే ఓపిక లేకపోయి ఉండవచ్చు. ఇప్పుడు అడగడానికి ఆమె లేరు. మీరు ఊహించి రాయకండి, ఆమె తరఫున క్షమాపణ కూడా రాయకండి.

సంస్మరణ పుస్తకాల గురించి నాకొక చిన్న చిరాకు ఉంది, చెప్పనివ్వండి. ఈ ఉద్యోగంలో అవి చాలా చదివాను. "అన్నపూర్ణ", "కరుణామయి", "పుణ్యమూర్తి", "ఆపదలో ఉన్నవారికి కొండంత అండ" అంటూ సాగే ఆ పేజీల మీద పేరూ ఫొటో మారిస్తే ఎవరింటి పెద్దావిడకైనా సరిపోతాయి. ఇంట్లోవాళ్లు తప్పుడు ఉద్దేశంతో అలా రాయరు. ఏ వివరం చెబితే ఎవరికి కష్టం కలుగుతుందోనని ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలేవి ఆ విశేషణాలే. మీ మామయ్య అడుగుతున్నది కూడా, ఆయనకు తెలియకుండానే, అలాంటి పుస్తకమే. మీ అవ్వ ఏ కూర బాగా వండేవారో, ఎవరి మీద కోపం పెంచుకున్నారో, సంఘంలో బాకీ ఎగ్గొట్టిన మనిషి ఇంటి ముందు ఎంతసేపు కూర్చునేవారో, నేర్చుకున్న అక్షరాలతో మొదట దేని మీద సంతకం పెట్టారో రాస్తేనే ఊరివాళ్లు ఆమెను గుర్తుపడతారు.

ఇక అమ్మ విషయం. ఆవిడ "నా పేరు పెట్టకు" అన్నారు గానీ "రాయకు" అనలేదు. ఈ తేడా ముఖ్యం. తల్లి గౌరవానికి అడ్డురాను, కానీ ఆ గౌరవంలో నన్ను సంతోషంగా నిలబెట్టి చూపించవద్దు అని నాకు వినిపించింది. పొరపడి ఉండవచ్చు, ఆవిడ గొంతు విన్నది మీరు. మీరు ఊరికి వెళ్లినప్పుడు ఈ మాట మళ్లీ ఎత్తడానికి అనువైన సమయం చూసుకోండి. ఎదురెదురుగా కూర్చుని, ఫోన్‌లో రికార్డింగు పెట్టి, "నీ బాధ చెప్పమ్మా" అంటే ఆవిడ లేచి వెళ్లిపోతారు, నేనైనా వెళ్లిపోతాను. ఇద్దరి చేతుల్లోనూ ఏదో ఒక పని ఉన్నప్పుడు, చిక్కుళ్లు ఒలుస్తున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో, చిన్న ప్రశ్నలు అడగండి. ఆ రోజుల్లో పొద్దున ఎన్నింటికి లేచేదానివి? నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేదానివి? తమ్ముళ్లను బడికి నువ్వే దిగబెట్టేదానివా? బడి ముందు నుంచి వెళ్లేటప్పుడు నీ జతగత్తెలు పలకరించేవాళ్లా? బాధ గురించి అడిగితే మనుషులు ముడుచుకుంటారు. పనుల గురించి అడిగితే వివరంగా చెబుతారు, ఆ వివరాల్లోనే తక్కిందంతా వస్తుంది.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టాక మీరు చేయవలసిన పని అవ్వను వెనకేసుకు రాకపోవడం. "పాపం అవ్వకు మాత్రం వేరే దారి ఏముంది" అనే వాక్యం మీ నోటిదాకా వస్తుంది, ఎందుకంటే మీకు అవ్వ అంటే ప్రాణం. ఆ వాక్యం నిజమే అయినా, మీ అమ్మ దాన్ని ఇప్పటికే కొన్ని వందలసార్లు తనకు తానే చెప్పుకుని ఉంటారు. మీరు కొత్తగా చెప్పవలసిన అవసరం లేదు. అలాగే "ఇప్పుడైనా ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టమ్మా" అని ఆ మర్నాడే దరఖాస్తు తీసుకురాకండి. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఆ వయసులో పరీక్ష రాయడం సాధ్యమే, ఆవిడ అంతట ఆవిడ అడిగితే తప్పకుండా సాయపడండి. కానీ మనసులోని మాట చెప్పిన వెంటనే చేతిలో దరఖాస్తు పెడితే, చెప్పింది విన్నట్టు ఉండదు, త్వరగా సర్దేసి పక్కన పెట్టినట్టు ఉంటుంది.

విన్నది రాసిన తర్వాత మొదట ఆవిడకే చదివి వినిపించండి. ఏ మాట ఉంచాలో ఏది తీసేయాలో చెప్పే హక్కు ఆవిడది. ఆ బడి మానుకున్నది ఆవిడ గనుక ఈ విషయంలో మీకన్నా, మామయ్యకన్నా ఆవిడ మాటే చెల్లాలి. మొత్తం తీసేయమంటే తీసేయండి. అప్పుడు కూడా ఒక షరతు మీకు మీరే పెట్టుకోండి: "కుటుంబమంతా ఆనందంగా సహకరించింది" అన్న వాక్యం మాత్రం ఆ పుస్తకంలో రాకూడదు. చెప్పకుండా వదిలేసిన విషయాన్ని ఎప్పుడో ఒకప్పుడు చెప్పుకోవచ్చు. అబద్ధం అచ్చయి ఊరంతా పంచిన తర్వాత, మీ అమ్మ తన ఊళ్లో తన కళ్లతో దాన్ని చదవవలసి వస్తుంది.

మామయ్యతో ఎలా మాట్లాడాలన్నది మీకు కష్టంగా ఉంటుందని ఊహించగలను, మేనకోడలు పెద్దమామకు చెప్పేదేమిటని ఆయనకు అనిపించవచ్చు. ఆయన "అదంతా రాయొద్దు" అనడం వెనక అవ్వ పరువు గురించిన భయంతో పాటు ఇంకొకటి కూడా ఉండవచ్చని నా అనుమానం. అక్క బడి మానితే ఆయన బడి సాగింది. చిన్నపిల్లవాడుగా ఆయన అడిగి తీసుకున్నది కాదు, అందువల్ల అందులో ఆయన తప్పేమీ లేదు, కానీ పెద్దయ్యాక దాన్ని తలుచుకోవడం సులువు కాదు. కాబట్టి ఆయనతో వాదన పెట్టుకోకండి. అమ్మను అడిగినట్టే ఆయననూ అడగండి: ఆ ఏడాది మీకు అన్నం ఎవరు పెట్టేవారు మామయ్యా, జ్వరం వస్తే ఎవరు కూర్చునేవారు, బడికి సంచి ఎవరు సర్దేవారు? ఆయన చెప్పే జవాబులను ఆయన మాటల్లోనే, ఆయన పేరుతోనే పుస్తకంలో వేస్తానని చెప్పండి. "మా అక్క" అనే మాటతో మొదలయ్యే ఒక్క పేరా తమ్ముడు తన నోటితో చెప్పి అచ్చు వేయిస్తే, అది మీరు రాసే పది పేజీలకన్నా మీ అమ్మకు దగ్గరగా వెళుతుంది. విగ్రహం సంగతి అన్నదమ్ములూ అక్కా కూర్చుని తేల్చుకోవలసిన ఖర్చు; అందులో మీరు దూరకండి.

ఫోన్ గురించి రాసిన నాలుగు ముక్కలు మీ ఉత్తరం చివర్లో, దాదాపు కొసరుగా ఉన్నాయి, కానీ మీ నిద్రను పట్టి ఉంచింది అవేనని నాకనిపిస్తోంది. "అవ్వ ఏమీ అనుకుని ఉండదులే" అని నేను అనను, నాకు తెలియదు కాబట్టి. మీకూ తెలియదు. తెలియని చోట మనసు తనంతట తాను కథ అల్లుకుంటుంది. మీ మనసు అల్లుకున్న కథలో అవ్వ ఏడు రోజులు ఫోన్ పక్కనే కూర్చుని మీ కోసం ఎదురు చూస్తూ ఉంటారు. ఆ వారం ఆమె దగ్గర ఎవరున్నారో వాళ్లను అడగండి. ఆ ఫోన్ తర్వాత ఆమె ఎవరితో ఏం మాట్లాడారు, ఏం తిన్నారు, ఎవరి మీద విసుక్కున్నారు? మీరు భయపడిన దానికి దగ్గరగానే జవాబు రావచ్చు, అసలు సంబంధమే లేనిది రావచ్చు. ఏది వచ్చినా అది మీ ఊహ కాదు, జరిగిన సంగతి. దానితో బతకడం ఊహతో బతకడంకన్నా తేలిక. పదేళ్లు ఒళ్లో పెంచిన మనిషి, మనవరాలి ఉద్యోగం గురించి వీధిలో నలుగురికీ చెప్పుకునే మనిషి, "మీటింగులో ఉన్నాను" అన్న మాటను ఎలా విని ఉంటారో మీ అమ్మకు మీకన్నా బాగా తెలుస్తుంది.

ఐదు దశల మాట మీద ఆందోళన పడకండి. 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే వైద్యురాలు ఆ దశలను ప్రతిపాదించింది మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడిన అనుభవంతో. అయినవాళ్లను పోగొట్టుకున్నవారు ఆ మెట్లన్నీ వరసగా ఎక్కాలన్న నియమమేమీ లేదు. మన ఇళ్లలో పెద్దకర్మ తర్వాత మాసికాలు, సంవత్సరీకం, ఏటా సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకోవడం ఉన్నాయి. పోయినవారిని మరిచిపోవడం వీటిలో దేని ఉద్దేశమూ కాదు. అయితే ఒక జాగ్రత్త. ఎనిమిది నెలలు గడిచాక కూడా దాదాపు ప్రతిరోజూ ఆ వెలితి మీ పనినీ తిండినీ నిద్రనూ దెబ్బతీస్తుంటే, బతకడం మీదే ఆసక్తి పోయినట్టనిపిస్తే, సంవత్సరీకం దాకా ఆగకుండా మానసిక వైద్యులను కలవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా వర్గీకరణలో, ఆరు నెలలు దాటినా తగ్గకుండా మనిషిని అంతగా కుంగదీసే దుఃఖానికి చికిత్స అవసరమైన స్థితిగా ఒక స్థానం ఉంది. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయవాణి 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరగా, మీకున్న నాలుగు నెలల గడువులో మొదట చేయవలసిన పని. సారా ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నప్పుడు, మనిషికి రోజుకు ఒక రూపాయి, నెలకు 30 రూపాయలు దాచేవారు. ప్రతి సంఘానికీ ఒక జమా పుస్తకం, ఒక తీర్మానాల పుస్తకం ఉండేవి. అవ్వ నడిపిన సంఘానివి దొరికితే, ఎవరు ఏ నెలలో ఎంత కట్టారో, ఎవరి పురుడుకో ఎవరి బోరుకో ఎంత అప్పు ఇచ్చారో, ఏ సమావేశంలో ఎవరు పోట్లాడారో అందులో ఉంటుంది. మొదటి పేజీల్లో వేలిముద్రలున్న చోట తర్వాతి పేజీల్లో సంతకాలు కనిపించవచ్చు. మీ తాత కూలి డబ్బు ఇంటికి రావడం ఎప్పుడు మొదలైందో, మళ్లీ ఎప్పుడు ఆగిందో కూడా అవ్వ కట్టిన, కట్టలేకపోయిన నెలలను బట్టి తెలిసిపోవచ్చు. ఆ సంఘంలో అవ్వ ఈడువాళ్లలో ఇంకా బతికి ఉన్నవారికి ఇప్పుడు డెబ్బై దాటి ఉంటుంది, వాళ్లను కలవడానికి అమ్మను వెంట తీసుకుని వెళ్లండి. అవ్వ లేని పూట ఆ ఇంటికి వచ్చి కబురు చెప్పినప్పుడు తలుపు తీసిన పిల్ల ఆవిడే కాబట్టి వాళ్లు ఆవిడను గుర్తుపడతారు. ఆ పుస్తకాలు ఎవరి ఇంట్లో ఏ పెట్టెలో ఉన్నాయో ఈ ఆదివారమే ఫోన్ చేసి కనుక్కోండి, ఎందుకంటే మీ వైపు వానలు అక్టోబరులో మొదలవుతాయి, చెదలు సంవత్సరీకం దాకా ఆగవు.